హెల్పర్ వీసా మీద వచ్చిన తమ్మునికి: డిగ్రీనా, చేతిపనా?

కొత్తగ వచ్చినోడు, షార్జా:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. బీకాం రెండో ఏడుల ఆపేసి కోరుట్లల ఏసీ, ఫ్రిజ్ రిపేర్ దుకాణంల నాలుగేండ్లు చేసిన. ఏజెంట్ టెక్నీషియన్ అన్నడు, వీసా మీద హెల్పర్ అని పడ్డది. సైట్ల టెక్నీషియన్ పనే చేపిస్తున్నరు, జీతం మాత్రం హెల్పర్‌ది. మా బాపు రోజు ఫోన్ చేసి ‘డిగ్రీ పూర్తి చెయ్యిరా, ఆఫీసుల కూసుండపెడుతరు’ అంటున్నడు. ఓపెన్ యూనివర్సిటీల ఫీజు కట్టాల్నా, పని మీదనే నడవాల్నా?

జగిత్యాల అన్న, దుబాయ్:
తమ్మీ, బాపు మీద కోపం తెచ్చుకోకు. ఊర్ల డిగ్రీకి ఉన్న ఇజ్జత్ ఆయనకు తెలుసు, ఇక్కడి లెక్క తెల్వది. బీకాం చూసి ఏసీ కంపెనీల ఎవ్వడూ జీతం పెంచడు. అకౌంట్స్ దిక్కు పోతవా, అక్కడ వాళ్లు అడిగేది అకౌంట్స్ అనుభవం. నాలుగేండ్ల చేతిపని గంగల కలిపి మళ్ల మొదటి నుంచి షురూ చేసినట్టు. పైగ పరీక్షలకు ఊరికి పోవాల్సి రావచ్చు. సైట్ కంపెనీలు పరీక్షల టైంటేబుల్ చూసి సెలవు ఇస్తయా?

మా దగ్గర కొత్తోడొస్తే ఫోర్‌మన్ సర్టిఫికెట్ ముట్టడు. పావించు రాగి పైపు ముక్క చేతిల పెట్టి ఫ్లేర్ చెయ్యమంటడు, అంటె పైపు మూతిని గంట లెక్క వెడల్పు చేసుడు. కోసినంక లోపలి అంచు గీకేటప్పుడు పైపు మూతి కిందికి వంచిండా, పైకి పెట్టిండా, ఆయన కన్ను గక్కడనే ఉంటది. పైకి పెడితే రాగి రజను లోపలికి జారుతది, గ్యాస్‌తోని తిరిగి తిరిగి కంప్రెసర్ల పడ్తది. పనిచేసినోని చెయ్యి ఎవ్వరూ చెప్పకముందే కిందికి వంగుతది. డిప్లొమా పట్టుకొచ్చిన పిలగాండ్లు ముందుగాల పైపుకు నట్టు ఎక్కించుడు మరిచి ఫ్లేర్ చేసి, మళ్ల కోసుకునుడు నేను మస్తు సార్లు చూసిన. (కొన్నాళ్లకు వాళ్లే మనకు సూపర్‌వైజర్లు అయితరు, అది వేరే బాధ.)

కని ఫోర్‌మన్ మెచ్చుకుంటె జీతం పెరుగది. జీతం రాసేది హెచ్‌ఆర్‌ల ఉన్నోడు, వాడు చూసేది కాయితం. నీ అనుభవం నీ చేతులల్ల ఉన్నది, కాయితం మీద లేదు. నీకు తక్కువైంది గదే, డిగ్రీ గాదు.

ఇక్కడి కార్మిక శాఖ లెక్కల నైపుణ్యం ఉన్నోడు అనిపించుకోవాలంటె వృత్తి పై ఐదు స్థాయిలల్ల (ఒకటి నుంచి ఐదు దాకా) ఉండాలె, చదువు సర్టిఫికెట్ అటెస్ట్ అయి ఉండాలె, జీతం 4,000 దిర్హాంలకు తగ్గొద్దు. ఐదో స్థాయికి ఇంటర్ చాలు. బీకాం దాకా పోయినవంటె ఇంటర్ మెమో నీ ఇంట్ల బీరువాల ఉండే ఉంటది! ముందు దాన్ని బయటికి తీయించు. అటెస్ట్ అంటె ముందు హైదరాబాద్‌ల రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, తర్వాత మన విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ, ఆఖరుకు ఇక్కడి విదేశాంగ శాఖ. సౌదీకైతే 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ (మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, ఎంబసీకి పోయే పని లేదు) సరిపోతది, దుబాయ్‌కి ఇంకా ఈ తిరుగుడు తప్పది.

కోరుట్ల దుకాణం సేటుతోని లెటర్‌హెడ్ మీద ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఏం పని చేసినవో రాయించుకో. స్ప్లిట్ బిగించుడు, గ్యాస్ నింపుడు, కంప్రెసర్ మార్చుడు, అన్ని విడివిడిగ. ‘మంచి పిలగాడు’ అని రాస్తే ఎవనికీ అక్కరకు రాదు. రేపు సౌదీ దిక్కు చూస్తె అక్కడోళ్లు ఏసీ టెక్నీషియన్లకు, ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు ఇండియాలనే చేతిపని పరీక్ష పెడుతున్నరు. అందుల నీ నాలుగేండ్లు పనికొస్తయి.

కరీంనగర్ అక్క, దుబాయ్:
అన్న చెప్పింది ఏసీ పనికి కరెక్టే. మా నర్సులకు అట్ల కాదు తమ్ముడూ. బీఎస్సీనో జీఎన్‌ఎంనో (నర్సింగ్ డిప్లొమా) లేకుంటె పదేండ్లు వార్డుల చేసినా లైసెన్సు దగ్గరికే రానియ్యరు. డిగ్రీ ఉండి పని నడుమ గ్యాప్ ఎక్కువైనా కొర్రీలే. నీ తర్వాత ఇంట్ల చదివేటోళ్లు ఉంటె మాత్రం నిన్ను చూసి చదువు ఆపనియ్యకు.

కొత్తగ వచ్చినోడు, షార్జా:
చెల్లె ఉన్నది అక్కా, చదువుతది. అన్నా, ఇంకోటి. రూంల ఒకాయన బీకాం సర్టిఫికెట్ తెప్పిస్త, పైసలు ఇయ్యమంటున్నడు.

జగిత్యాల అన్న, దుబాయ్:
ఆయన ముచ్చట వినకు. దొంగ డిగ్రీ దొరికితే ఇక్కడ జైలు, కొలువు పోవుడు చిన్న మాట. అటెస్టేషన్‌ల యూనివర్సిటీకి రాసి అడిగితే ఏం జెప్తవు?

ఇప్పుడున్న కంపెనీ అనుభవం గూడ వదలకు. మానేసేటప్పుడు అడిగితే పైసా తీసుకోకుంట అనుభవ పత్రం ఇయ్యాలని 2021 కార్మిక చట్టంలనే ఉన్నది. చేరిన తారీఖు, విడిచిన తారీఖు, పని పేరు, ఆఖరు జీతం అందుల ఉండాలె. కని వీసా మీద హెల్పర్ అనే ఉంటె అందుల గూడ హెల్పర్ అనే వస్తది. అందుకే మెమో అటెస్ట్ అయినంక పీఆర్‌ఓను (కంపెనీల వీసా కాయితాలు చూసేటోన్ని) పట్టుకొని వృత్తి మార్చుమని అడుగు. ఏప్రిల్ నెలల అడుగు. ఎండలు ముదిరినంక ఏసీ పనోన్ని పోగొట్టుకునే ధైర్యం ఏ కంపెనీకి ఉండది.