అప్‌డేట్: ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ రీడింగ్ నిలవడం లేదన్న సమస్య తీరింది

పోయిన నెల అడిగింది నేనే. ఒంగోలు దగ్గర మా కాలేజీలో బీఎస్సీ పిల్లలు కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఎలక్ట్రోడ్‌తో కొలుస్తుంటే మీటర్‌లో మిల్లీవోల్టులు పావుగంటకీ నిలవడం లేదని, గాఢత పదిరెట్లు మారితే 59 మిల్లీవోల్టుల దగ్గర రావాల్సిన తేడా 40 దాటడం లేదని రాశాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ చూడండి" అన్నవారి మాటే నిజమైంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వోల్టేజిని పోల్చడానికి పక్కన ముంచే, లోపల పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఉండే ఎలక్ట్రోడ్ అది. మీటర్ బాగుచేసే ఆయన దాన్ని లైటు కింద పెట్టి చూపించాడు, కొసన ఉన్న సన్నటి జంక్షన్ (లోపలి ద్రావణం బయటికి ఊరే చోటు) చుట్టూ పొటాషియం క్లోరైడ్, ఉప్పు మడుల్లో అంచుకట్టినట్టు, తెల్లగా గట్టిపడిపోయింది, పైన ద్రావణం పోసే కన్నానికి రబ్బరు మూత కూడా బిగించే ఉంది, దాంతో ద్రావణం సరిగ్గా ఊరడం లేదు. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టి, కొత్త ద్రావణం పోసి, కొలిచేటప్పుడు మూత తీసి ఉంచితే రెండు మూడు నిమిషాల్లో అంకె నిలబడుతోంది. ఇప్పుడు తేడా 58 వస్తోంది.

మా తప్పు ఇంకోటి ఉంది. టైసాబ్ (కొలిచే ముందు నీళ్లలో కలిపే బఫర్ ద్రావణం) శాంపిళ్లకే కలిపేవాళ్లం, పోల్చడానికి వాడే తెలిసిన గాఢత ద్రావణాలకు, అంటే స్టాండర్డ్‌లకు, కలపలేదు. టైసాబ్ పీహెచ్‌ని 5 దగ్గర ఉంచి, అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ని విడిపిస్తుంది కాబట్టి రెండింటికీ సమానంగా పడాల్సిందే.

కొత్త ఎలక్ట్రోడ్ కొనడం, ఎర్తింగ్ మార్చడం అవసరం పడలేదు. బీకర్లు ప్లాస్టిక్‌వి పెట్టినా మా సమస్య అలాగే ఉండింది.

నిన్న ఒక అమ్మాయి గ్రాఫులో వాళ్లింటి బోరు, తాగునీటికి హద్దయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గీతకు పైన పడింది. కాసేపు దాన్నే చూసి, రేపు బడి దగ్గరి బోరు నీళ్లు కూడా తెస్తాను సార్ అంది.