పాలకొల్లులో అద్దెకు దిగేముందు ఏం చూసుకోవాలి?

మేం హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా ఆయనకి ఇంటి నుంచే పని కాబట్టి పాలకొల్లు వచ్చేద్దామనుకుంటున్నాం, అత్తగారి ఊరు ఆ పక్కనే. నాకైతే ఆ టౌనంటే భలే ఇష్టం. క్షీరారామం గోపురం ఎంత దూరం నుంచైనా కనిపిస్తూనే ఉంటుంది, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్.

ఇల్లు చూడ్డానికి వెళ్తే అద్దె మాట తర్వాత, ముందు "మీరెవరి తాలూకండీ?" అన్నారు. మామగారి పేరు చెప్పగానే అరుగు మీద కూర్చోబెట్టి, బొండాలు కొట్టించి, ఆ వీధిలో ఖాళీగా ఉన్న మిగతా ఇళ్లు కూడా వాళ్లే దగ్గరుండి చూపించారు. ఇక్కడ హైదరాబాద్‌లో పక్క ఫ్లాట్ వాళ్ల పేరే నాకు తెలీదు.

టెన్షనల్లా నీళ్ల గురించే. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలవలకి గోదావరి నీళ్లు ఆపేస్తే, ముందే చెరువులో నింపుకున్న నీళ్లే కదా కుళాయిలకి. నచ్చిన ఇంట్లో బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి, బకెట్ల అంచున తెల్లగా పొర కట్టేసింది. ఏప్రిల్, మేలో కుళాయి ఎంతసేపు వస్తుంది? సంపు ఉన్న ఇల్లే చూసుకోవాలా, తాగడానికి టిన్నులు సరిపోతాయా? వానల్లో డ్రైన్లు పొంగే వీధులేవి?

ఇంకోటి, మా అమ్మాయి ఇంటర్‌కి వస్తోంది. బజారులో ఎవరితో మాట్లాడినా ఇంటికి కబురు ముందే చేరిపోతుందని ఇప్పట్నుంచే గొడవ. సిటీ నుంచి పెద్ద పిల్లలతో వచ్చినవాళ్లుంటే, మీవాళ్లు ఎలా సర్దుకున్నారో కాస్త చెప్పండి.