విక్టోరియా, ఆల్బర్ట్‌ల పెళ్లిరోజు, తొలి క్రిస్మస్: వినిపించే కథల్లో నిజమెంత?

గ్రంథప్రియ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిసెంబరు నెలలో మా పఠన మండలి సమావేశంలో నేను ఇరవై నిమిషాల పాటు మాట్లాడవలసి ఉంది. విక్టోరియా రాణికీ ఆల్బర్ట్ రాకుమారుడికీ 1840లో జరిగిన వివాహం, అదే ఏడాది చివర వారు కలిసి జరుపుకున్న మొదటి క్రిస్మస్ నేను ఎంచుకున్న విషయాలు. చదవడం మొదలుపెట్టిన తరువాత నాకు సందేహాలు తగ్గకపోగా పెరిగాయి.

నాలుగు మాటలు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. పెళ్లికూతురు తెల్లని దుస్తులు ధరించడం ఈ పెళ్లితోనే మొదలైందని ఒకరంటారు. చర్చి పెళ్లిళ్లలో నేటికీ వినిపించే పెళ్లి బాణీని ఆ రోజే తొలిసారి వాయించారని మరొకరంటారు. ఆ పెళ్లి ఫొటో ఒకటి విరివిగా చలామణిలో ఉంది. దానినే మా ఆహ్వాన పత్రం మీద వేయాలని కూడా అనుకున్నాను. నాలుగవది, క్రిస్మస్ చెట్టును ఇంగ్లండుకు తీసుకువచ్చినవాడు ఆల్బర్టేనన్న మాట. ఇన్ని ఆరంభాలు ఒకే జంట జీవితంలో ఒకే సంవత్సరంలో జరిగాయంటే నమ్మబుద్ధి కావడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరా? ముఖ్యంగా వారి తొలి క్రిస్మస్ నాటికి ఆ ఇంట్లో పరిస్థితి ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఉంది.

లేసుదారం (జవాబు)

గ్రంథప్రియ గారికి, మీ అనుమానం సరైనదే. ఆ నాలుగింటిలో ఏదీ యథాతథంగా నిలవదు. అయితే దుస్తుల విషయంలో కొంత నిజం ఉంది. నాకు కాస్త పరిచయమున్నది కూడా ఆ విషయమే కాబట్టి దాని గురించే రాస్తాను.

వివాహం 1840 ఫిబ్రవరి 10, సోమవారం, లండన్‌లోని సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ప్రార్థనా మందిరంలో జరిగింది. వధూవరులిద్దరికీ అప్పటికి ఇరవై ఏళ్లే. ఆల్బర్ట్ తండ్రి, విక్టోరియా తల్లి తోబుట్టువులు. అంటే మన లెక్కలో ఇది అచ్చమైన మేనరికం. పెళ్లికొడుకు స్వయానా మేనమామ కొడుకు, కాకపోతే వయసులో మూడు నెలలు చిన్నవాడు. రాజ్యమేలే రాణిని పెళ్లాడమని అడిగే చొరవ మరొకరు చేయడం మర్యాద కాదు కనుక, 1839 అక్టోబరు 15న విండ్సర్ కోటలో ఆమే అతనిని అడిగింది.

ఆ రోజు ఉదయం వాన కురిసింది. అయినా ఊరేగింపు దారి పొడవునా జనం నిలబడే ఉన్నారు. అంతకుముందు ఇంగ్లండు రాజకుటుంబపు పెళ్లిళ్లు సాయంత్రం దాటిన తరువాత, ఆంతరంగికుల మధ్య జరిగేవి. పట్టపగలు, నగరం చూస్తుండగా జరగడమే ఈ పెళ్లిలోని అసలైన కొత్తదనమని నా అభిప్రాయం. ఇక వస్త్రధారణకు వస్తే, రాణి హోదాను చాటే ఎర్రని మఖమలు అంగీని గానీ కిరీటాన్ని గానీ ఆమె ధరించలేదు. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో నేసిన తెల్లని శాటిన్ గౌను, దాని మీద చేతితో అల్లిన హానిటన్ లేసు, తలపై నారింజ పూల దండ, ఎదపై ముందురోజు ఆల్బర్ట్ కానుకగా ఇచ్చిన నీలమణి బ్రోచ్, వెనుక పద్దెనిమిది అడుగుల కొంగు, దానిని పట్టుకుని నడిచిన పన్నెండు మంది కన్యలు: ఇదీ ఆనాటి దృశ్యం.

ఆ లేసు గురించి రెండు మాటలు ఎక్కువ రాస్తే మన్నించాలి. డెవన్ ప్రాంతంలోని బీర్ అనే పల్లెలో రెండు వందల మందికి పైగా స్త్రీలు దానిని అల్లారు. అప్పటికే యంత్రాలపై నేసిన చవక లేసు వచ్చి, చేతి అల్లికనే నమ్ముకున్న కుటుంబాలకు పని లేకుండా చేస్తోంది. రాణి ఆ లేసును కోరడంతో వారికి పనీ దొరికింది, పేరూ వచ్చింది. ఆ అల్లిక బాగా కనిపించాలంటే దాని కింది బట్ట లేత రంగులో ఉండడమే మేలు. తెలుపుకు పవిత్రత, కన్యాత్వం వంటి అర్థాలను అంటగట్టి రాసేవారు ఈ చిన్న నేతపని సంగతిని ఎందుకు మరచిపోతారో నాకు అర్థం కాదు.

తెలుపు ఆమెతో మొదలు కాలేదు. స్కాట్లండు రాణి మేరీ 1558లోనే తెల్లని దుస్తులలో పెళ్లి చేసుకుంది. అయితే విక్టోరియాకు ముందు రాజవంశపు వధువులు వెండి జరీ పనిని ఎక్కువగా ఇష్టపడేవారు. 1816లో పెళ్లాడిన షార్లట్ రాకుమారి దుస్తులు అటువంటివే. విక్టోరియా తరువాత కూడా అందరూ ఒక్కసారిగా తెలుపుకు మారలేదు. ఒక్క రోజుకు తప్ప మరి దేనికీ పనికిరాని తెల్ల గౌనును కుట్టించుకునే స్తోమత సామాన్య కుటుంబాలకు ఉండేది కాదు కనుక, పందొమ్మిదవ శతాబ్దమంతా చాలామంది తమ దగ్గరున్న మంచి రంగు దుస్తులలోనే పెళ్లి చేసుకున్నారు.

తేదీలపిచ్చి (జవాబు)

ఫొటో సంగతి నేను చెబుతాను. మీరు ఆహ్వాన పత్రం మీద వేయాలనుకున్నది రోజర్ ఫెంటన్ 1854లో తీసిన ఫొటో అయి ఉండాలి. అందులో దంపతులిద్దరూ దర్బారు దుస్తులలో ఉండడం, ఆమె తలపై ముసుగు ఉండడం చూసి పెళ్లి ఫొటో అని చాలామంది పొరబడతారు. అప్పటికి వారి పెళ్లయి పద్నాలుగేళ్లు గడిచాయి, ఎనిమిదిమంది పిల్లలు కూడా పుట్టారు. డాగెర్ తన ఛాయాచిత్ర పద్ధతిని పారిస్‌లో లోకానికి వెల్లడించింది 1839 ఆగస్టులో. ఆరు నెలలు తిరగకుండానే లండన్ మందిరంలోని మసక వెలుతురులో పెళ్లి ఫొటో తీయడం సాధ్యమయ్యే పని కాదు.

బాణీ కథ అంతకంటే తేలికగా తేలిపోతుంది. నేడు పెళ్లిళ్లలో వినిపించే బాణీలు రెండు, రెండూ జర్మన్ స్వరకర్తలవే. మెండెల్సన్ తన పెళ్లి బాణీని 1842లో రాశాడు. వాగ్నర్ బాణీ ఉన్న సంగీత నాటకం మొదటిసారి ప్రదర్శితమైంది 1850లో. పుట్టని బాణీని 1840లో ఎవరు వాయించగలరు? మెండెల్సన్ బాణీకి పెళ్లిళ్లలో ఆదరణ తెచ్చింది ఈ జంట పెద్ద కూతురి వివాహం, 1858 జనవరి 25న జరిగినది. తల్లి పెళ్లికీ కూతురి పెళ్లికీ మధ్య ఎవరో గందరగోళపడ్డారు.

గ్రంథప్రియ

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆహ్వాన పత్రం ఇంకా అచ్చుకు వెళ్లలేదు, బతికిపోయాను. ఇక క్రిస్మస్ చెట్టు విషయం, పెళ్లికీ పండుగకూ మధ్య గడిచిన ఆ పది నెలల విషయం ఎవరైనా వివరిస్తే నా ప్రసంగానికి వెన్నెముక దొరుకుతుంది.

విండ్సర్‌చెట్టు (జవాబు)

ఆ పది నెలలే నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ ఆసక్తి కలిగించే భాగం. తేదీల వారీగా పెళ్లిని, పండుగను విడివిడిగా చెప్పేవారు మధ్యలో మారిన సంగతిని వదిలేస్తారు.

పెళ్లినాటి సాయంత్రం వారు విండ్సర్ కోటకు చేరేసరికి రాణికి విపరీతమైన తలనొప్పి. అయినా అంతటి సంతోషకరమైన సాయంత్రాన్ని తాను ఎన్నడూ ఎరగనని ఆమె తన దినచర్యలో రాసుకుంది. విహారయాత్ర మాత్రం మూడు రోజులతో సరి. ఇంకొన్నాళ్లు ఉందామని ఆల్బర్ట్ పెళ్లికి ముందే అడిగితే, తాను దేశాన్నేలే రాణినన్న సంగతి మరచిపోవద్దని, రాచకార్యాలు ఎవరి కోసమూ ఆగవని ఆమె ఉత్తరం ద్వారా సమాధానమిచ్చింది. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 14న, ఇద్దరూ లండన్‌కు తిరిగి వచ్చారు. పెళ్లి ప్రమాణంలో మాత్రం భర్త మాట వింటాననే వాక్యాన్ని తీసివేయడానికి ఆమె ఒప్పుకోలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఇమిడి ఉన్నాయని గుర్తుంచుకుంటే ఆ కాపురం అర్థమవుతుంది.

ఆల్బర్ట్ పరిస్థితి ఇల్లరికపు అల్లుడి పరిస్థితి కన్నా ఏమంత మెరుగ్గా లేదు. ప్రభుత్వం అతనికి ఏడాదికి 50,000 పౌండ్లు ప్రతిపాదిస్తే పార్లమెంటు దానిని 30,000కు కుదించింది. రాచ పత్రాలను చూడడానికి మొదట్లో అతనికి అనుమతి లేదు. రాణి సంతకం చేస్తే అద్దుడు కాగితంతో సిరా ఆరబెట్టడం వరకే అతని పని. తాను ఈ ఇంట్లో భర్తనే గానీ యజమానిని కానని ఆ మే నెలలో ఒక మిత్రుడికి రాసుకున్నాడు. తరువాత పరిణామాలు వేగంగా నడిచాయి. జూన్ 10న కాన్‌స్టిట్యూషన్ హిల్ దగ్గర ఎడ్వర్డ్ ఆక్స్‌ఫర్డ్ అనే యువకుడు వారి బండి మీద పిస్తోళ్లు పేల్చాడు. అప్పటికి రాణి గర్భవతి. ఇద్దరికీ గాయం కాలేదు గానీ, ప్రసవంలో ఆమెకేమైనా అయితే పరిస్థితి ఏమిటన్న ప్రశ్న పార్లమెంటు ముందుకు వచ్చింది. అలా జరిగితే ఆల్బర్ట్‌ను రాజప్రతినిధిగా నియమించేందుకు ఆ వేసవిలోనే చట్టం చేశారు. నవంబరు 21న పెద్ద కూతురు పుట్టింది. తల్లి మంచం మీద ఉన్న ఆ రోజుల్లో మంత్రులతో పనులు నడిపినవాడు ఆల్బర్ట్. ఏడాది చివరికి వచ్చేసరికి రాచ పత్రాలుండే పెట్టెల తాళపుచెవులు అతని చేతికి వచ్చాయి.

అందువల్ల 1840 డిసెంబరులో విండ్సర్‌లో పండుగ చేసుకున్నది ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్న జంటే అయినా, ఇంటిలోని సమతూకం మారిపోయింది. ఒడిలో నెల రోజుల బిడ్డ ఉంది. పరాయి దేశం నుండి వచ్చిన అల్లుడికి తన పుట్టింటి అలవాట్లను ఆ ఇంట్లో పాటించే చనువు వచ్చింది. కానుకలను క్రిస్మస్ ముందురోజు సాయంత్రమే బల్లల మీద అమర్చి ఇవ్వడం, చెట్టుకు చిన్న కొవ్వొత్తులు వెలిగించడం జర్మన్ ఆచారాలు. మరుసటి ఏడాది, 1841లో, తన ఇద్దరు పిల్లలు వెలుగుతున్న ఆ జర్మన్ చెట్టును చూసి ఎందుకో తెలియకుండానే ఆశ్చర్యపడుతున్నారని ఆల్బర్ట్ తండ్రికి రాశాడు.

అంతమాత్రాన చెట్టును అతనే తెచ్చాడనడం సరికాదు. విక్టోరియా బామ్మ షార్లట్ రాణి కూడా జర్మనీ నుండి వచ్చిన కోడలే. ఆమె 1800 క్రిస్మస్‌కే విండ్సర్‌లో పిల్లల కోసం యూ అనే సతతహరిత చెట్టును దీపాలతో, మిఠాయిలతో అలంకరించింది. విక్టోరియా తల్లి సైతం జర్మనీ ఆడపడుచే. పదమూడేళ్ల విక్టోరియా 1832 డిసెంబరు 24న రాసుకున్న దినచర్యలో రెండు గుండ్రని బల్లల మీద దీపాలతో, పంచదార బొమ్మలతో రెండు చెట్లు ఉన్నాయని, వాటి చుట్టూ కానుకలు పేర్చారని స్పష్టంగా ఉంది. కొత్త పెళ్లికూతురికి చెట్టు కొత్త కాదు.

తేదీలపిచ్చి

పై జవాబుకు ఒక చేర్పు. అలాగైతే ఆల్బర్ట్‌కు ఆ పేరు ఎలా వచ్చిందని ఎవరైనా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ 1848 డిసెంబరులో రాజదంపతులు పిల్లలతో చెట్టు చుట్టూ నిలబడి ఉన్న బొమ్మను అచ్చువేసింది. రెండేళ్ల తరువాత అమెరికాలోని గోడీస్ లేడీస్ బుక్ అనే పత్రిక అదే బొమ్మను తీసుకుని, రాణి తలపై ఉన్న చిన్న కిరీటాన్నీ ఆల్బర్ట్ మీసాలనూ తొలగించి, మామూలు అమెరికా కుటుంబంగా మార్చి వేసుకుంది. 1800 నాటి చెట్టుకు గానీ 1832 నాటి చెట్లకు గానీ ఆ అదృష్టం పట్టలేదు. పెళ్లి విషయంలోనూ ఇదే లోటు: ఆ సచిత్ర వారపత్రిక పుట్టింది 1842లో, అంటే పెళ్లి దానికి రెండేళ్లు ముందే జరిగిపోయింది. అందుకే పెళ్లి బొమ్మ కోసం వెతికిన జనానికి 1854 ఫొటో దొరికిందేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఇంకొక తేదీ కూడా మీకు పనికివస్తుంది. దేశమంతటా ఒక్క పెన్నీకే ఉత్తరం పంపే సదుపాయం 1840 జనవరి 10న, పెళ్లికి సరిగ్గా నెల ముందు మొదలైంది. హెన్రీ కోల్ అచ్చు వేయించిన మొదటి క్రిస్మస్ కార్డు 1843 నాటిది. చవక తపాలా లేకుంటే దానికి గిరాకీ ఉండేది కాదు. కొందరు కార్డును కూడా ఈ జంట ఖాతాలో వేస్తారు. ఐదవ అపోహగా చేర్చుకోండి.

గ్రంథప్రియ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ప్రసంగాన్ని పెళ్లితో మొదలుపెట్టకుండా, 1832 నాటి ఆ రెండు చెట్ల దగ్గర మొదలుపెట్టి, మీరు చెప్పిన తాళపుచెవుల మీదుగా 1840 డిసెంబరుకు రావాలని నిశ్చయించుకున్నాను. చివరిగా ఒక్కటే ప్రశ్న: ఫెంటన్ ఫొటోకు బదులుగా ఆహ్వాన పత్రం మీద ఏ బొమ్మ వేయమంటారు?

లేసుదారం

రెండు దారులున్నాయి. జార్జ్ హేటర్ చిత్రించిన వివాహ దృశ్యం అసలు సందర్భానికి దగ్గరగా ఉంటుంది, కానీ అందులో మనుషులు ఎక్కువ. చిన్న కాగితం మీద ముఖాలు చీమల్లా కనిపిస్తాయి. వింటర్‌హాల్టర్ గీసిన చిత్రంలో రాణి ఒక్కతే పెళ్లి ముసుగు, నారింజ పూల దండలతో ఉంటుంది కాబట్టి అచ్చులో చక్కగా వస్తుంది. అయితే అది పెళ్లిరోజు కానుకగా ఆల్బర్ట్‌కు ఇవ్వడానికి 1847లో గీయించుకున్నది. కింద ఆ సంవత్సరాన్ని తప్పకుండా వేయండి, లేకపోతే వచ్చే డిసెంబరుకు ఎవరో ఒకరు ఇక్కడికే వచ్చి అది పెళ్లినాడు గీసినదేనా అని అడుగుతారు.