ఎవరెస్ట్ బేస్ క్యాంప్ + ఐలాండ్ పీక్: గైడ్ ఉంటే చాలా, నేర్చుకునే వెళ్లాలా?

బెళ్లందూరు బాటసారి

అందరికీ నమస్కారం. బెంగళూరు ఆఫీసులో ముగ్గురం కలిసి అక్టోబరులో నేపాల్ వెళ్దామనుకుంటున్నాం. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్, దాంతో కలిపి 6,189 మీటర్ల ఐలాండ్ పీక్. రెండు చోట్ల ప్లాన్ తీసుకున్నాం. ఒకటి 19 రోజులు, ఇంకోటి 15 రోజులు. రెండింట్లోనూ షెర్పా గైడ్, తాళ్లు, టెంట్లు వాళ్లవే. అనుభవం అక్కర్లేదు, ఐలాండ్ పీక్ బేస్ క్యాంపులో నేర్పిస్తాం అంటున్నారు. మేం కుమార పర్వత, కేదార్‌కంఠ చేసినవాళ్లం. తాడు పట్టుకుని ఎక్కింది మాత్రం లేదు. మా బావమరిదేమో మౌంటెనీరింగ్ కోర్సు చేయకుండా ఆరు వేల మీటర్ల పైకి వెళ్లడం తప్పంటే తప్పని పట్టుబట్టాడు. మీరేమంటారు? మొహమాటపడకుండా చెప్పండి.

రాయలసీమ రాయి

నిశ్చింతగా వెళ్లండి బ్రదర్. గైడ్‌ను పెట్టుకుని కొండెక్కడం నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. ఆల్ప్స్‌లో షామొనీ గైడ్ల సంఘం 1821లోనే మొదలైంది. డాక్టర్లు, టీచర్లు, వ్యాపారులు అప్పటి నుంచీ గైడ్ తాడుకు కట్టుకునే అక్కడి పెద్ద కొండ మాంట్ బ్లాంక్ ఎక్కుతున్నారు. వాళ్లను ఎవరైనా సర్టిఫికెట్ అడిగారా? పర్వతారోహణ నేర్పే సంస్థలైన ఉత్తరకాశీ నిమ్‌లో గానీ, డార్జిలింగ్ హెచ్‌ఎంఐలో గానీ బేసిక్ కోర్సంటే దగ్గర దగ్గర నెల రోజులు. సీటు కోసం ముందే దరఖాస్తు పెట్టుకుని కాచుకోవాలి. వయసు పరిమితి ఒకటి. మన ఉద్యోగాల్లో కోర్సుకో నెల, శిఖరానికి మళ్లీ మూడు వారాలు ఎవరిస్తారు? కోర్సు చేసినవాళ్లే ఎక్కాలంటే హిమాలయం చదువు అయిపోయి ఇంకా ఉద్యోగం రాని కుర్రాళ్లకే మిగులుతుంది. పైగా ఎవరెస్ట్ ఉన్న ఖుంబూ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఈ పని మీదే బతుకుతున్నాయి. అక్కడి మంచు ఏ నెలలో ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసినంత ఏ కోర్సులోనూ చెప్పరు.

భువనగిరి బిడ్డ

అన్నా, నేను ఒప్పుకోను. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు 14 ఏండ్లు కూడా నిండలే. ఆనంద్ కుమార్ కూడా ఆమెతోనే ఎక్కిండు. గురుకులంల చదువుకున్న పిల్లలు. ఆ ముచ్చట చెప్పి, వాళ్లు ఎక్కంగ లేంది మనమెందుకు ఎక్కలేమని చాలామంది అంటరు. వాళ్లను మా భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ పంపి, లద్దాఖ్ చలిల తిప్పి, ఆ తర్వాతనే ఎవరెస్ట్‌కు పంపిన్రని ఎవ్వరు చెప్పరు. వాళ్ల ఎన్క కూడా షెర్పాలు ఉన్నరు కదా! షెర్పాలు ఉన్నా సరే, పిల్లలకు ముందు నేర్పిన్రు. బేస్ క్యాంపుల ఒక పూట తాడు చూపిచ్చి, అర్ధరాత్రి మంచు మీదికి తోలుకపోవుడు గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టే. కోర్సు చేయనిదే పోవద్దు.

రాయలసీమ రాయి

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద మంచు చరియలు మీదపడి పోయినవాళ్లు ఎవరో గుర్తుందా? నిమ్‌లో అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తున్నవాళ్లు, వాళ్లకు నేర్పేవాళ్లు. నేర్చుకున్నాం కదా అని కొండ వదిలిపెట్టదు తమ్ముడూ.

కొండదారి

ఖుంబూ దారి, ఐలాండ్ పీక్ తాడు రెండూ నాకు తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీరిద్దరూ గైడా, కోర్సా అని వాదించుకుంటున్నారు. బాటసారి గారి ప్రాణం ఆధారపడింది ఆయన మొదట్లోనే రాసిన రెండు అంకెల మీద: 19, 15. ఆ నాలుగు రోజులు ఎక్కడ కోశారో ముందు అడగండి.

పద్ధతిగా వేసిన ప్లాన్ ఎలా ఉంటుందంటే, 2,860 మీటర్ల లుక్లాలో దిగి, 3,440 మీటర్ల నామ్చేలో రెండు రాత్రులు ఉంటారు. తెంగ్బోచే మీదుగా 4,410 మీటర్ల డింగ్బోచే చేరి అక్కడ మళ్లీ రెండు రాత్రులు. ఆ తర్వాతే లోబుచే, గోరక్ షెప్, 5,364 మీటర్ల బేస్ క్యాంప్. 5,500 దాటిన కాలా పత్థర్ ఎక్కి దిగి, ఐలాండ్ పీక్ దారిలోని చుఖుంగ్ వైపు తిరుగుతారు. అంటే శిఖరం రాత్రికి ముందే మీ ఒళ్లు ఐదున్నర వేల మీటర్ల గాలి చూసి, కిందికొచ్చి నిద్రపోయి ఉంటుంది. ట్రెక్కునూ శిఖరాన్నీ కలపడంలో ఉన్న అసలు మేలు ఇదే. 1953లో బ్రిటిష్ ఎవరెస్ట్ బృందం కూడా ఒంటికి ఎత్తు అలవాటు చేసుకోవడానికి, సాధనకు ఎంచుకున్న కొండల్లో ఐలాండ్ పీక్ ఒకటి.

15 రోజుల ప్లాన్‌లో ఏం చేస్తారు? నామ్చేలోనో డింగ్బోచేలోనో విశ్రాంతి రోజు తీసేస్తారు. తాడు సాధనను శిఖరం ముందు సాయంత్రం ఒక గంటకు కుదిస్తారు. వాతావరణం కోసం ఉంచాల్సిన అదనపు రోజు అసలే ఉండదు. లుక్లా విమానాలు మబ్బు పడితే ఎగరవు. సీజన్‌లో చాలా విమానాలు ఖాట్మండూ నుంచి కాక రామేఛాప్ నుంచి నడుస్తాయి, అంటే అర్ధరాత్రి లేచి కొన్ని గంటల రోడ్డు ప్రయాణం. ఒక్క రోజు అటుఇటైతే ఆ భారం పైన విశ్రాంతి మీదే పడుతుంది. పైన గాలి వీస్తుంటే "రేపు చూద్దాం" అనే వీలు గైడ్‌కు కూడా ఉండదు. ఎంత గొప్ప షెర్పా అయినా లేని రోజును తెచ్చివ్వలేడు.

ఇక తాడు సంగతి. శిఖరం రోజు రాత్రి ఒంటిగంట, రెండింటికి బయల్దేరతారు. మొదట హెడ్‌ల్యాంపు వెలుగులో రాళ్ల దారి. తర్వాత బూట్లకు క్రాంపాన్లు (ఇనుప ముళ్లు) కట్టుకుని హిమానీనదం, పగుళ్ల మీద అల్యూమినియం నిచ్చెనలు. చివర్లో నిటారైన మంచుగోడ, దాని మీద బిగించిన తాడు. జుమార్ (తాడు మీద పైకి మాత్రమే జరిగే పిడి) తోసుకుంటూ పైకి పోవడం ఎవరికైనా వస్తుంది. తాడును మంచులో బిగించిన యాంకర్ దగ్గరే చిక్కు. అక్కడ ముందు సేఫ్టీ కారబినర్‌ను (మూసుకునే కొక్కెం) యాంకర్ పై తాడుకు తగిలించాలి. అది పడిందని చూసుకున్నాకే జుమార్ తీసి పైన పెట్టాలి. ఈ వరస తిరగబడితే ఆ క్షణంలో మీరు దేనికీ కట్టి లేరు. చేతులకు లావు గ్లవ్స్, వేళ్లు చలికి మొద్దుబారి ఉంటాయి, వెనక నలుగురు ఆగి చూస్తుంటారు. దిగేటప్పుడు ఫిగర్ ఎయిట్‌తో (తాడు మీద దిగడానికి వాడే పరికరం) ఇదే పని మళ్లీ, ఈసారి అలసిపోయి. గైడ్ మీ పక్కనే ఉన్నా ముగ్గురి చేతులూ ఒకేసారి చూడలేడు.

దీనికి నెల రోజుల కోర్సే కావాలని నేననను. కంఠీరవ స్టేడియంలో క్లైంబింగ్ గోడ ఉంది, రామనగరలో బండలున్నాయి. తెలిసిన శిక్షకుడి దగ్గర హార్నెస్ (నడుం పట్టీ), జుమార్, ఫిగర్ ఎయిట్ పట్టుకుని, గ్లవ్స్ వేసుకుని, కళ్లు మూసుకున్నా వరస తప్పనంతవరకూ చేయండి. అప్పుడు 19 రోజుల ప్లాన్‌కు నా పూర్తి మద్దతు. 15 రోజులదానికి మాత్రం, మీరు కోర్సు చేసొచ్చినా సరే, వద్దనే అంటాను.

డాక్టరమ్మ

కొండదారి గారు చెప్పిన రోజుల లెక్కకు వైద్యం వైపు నుంచి ఒక మాట. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో సగమే. గాలిలో ఆక్సిజన్ శాతం అంతే ఉంటుంది గానీ, ఒక్కో శ్వాసకు అందేది సగానికి పడిపోతుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి ఉండాలి. ఇది ఎవరో భయపడి పెట్టిన నియమం కాదు, రక్తం, శ్వాస సర్దుకోవడానికి పట్టే కాలం. హాఫ్ మారథాన్ పరిగెత్తేవాళ్లకు ఎత్తు జబ్బు రాదనుకోకండి. దమ్ము ఉన్నవాళ్లు వేగంగా ఎక్కేసి తొందరగా పడిపోవడమూ ఉంది.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. మెదడు వాపుకు గుర్తు తడబాటు. మడమకు బొటనవేలు ఆనిస్తూ ఒక గీత మీద నాలుగడుగులు వేయమనండి, పక్కకు తూలితే శిఖరం మాట ఎత్తొద్దు, రాత్రయినా సరే కిందికి దించండి. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర ముందుగా వేసుకోవడం మంచిదే, కానీ మీ డాక్టర్‌ను అడిగి, సల్ఫా మందులు పడతాయో లేదో చెప్పి వేసుకోండి. మందు వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించుకోవద్దు. ఇన్సూరెన్స్ పాలసీ కూడా చదవండి. చాలా పాలసీల్లో ఎత్తు పరిమితి ఉంటుంది, తాడు వాడే పర్వతారోహణ వర్తించదని రాసి ఉంటుంది.

వైట్‌ఫీల్డ్ వాసి

అందరూ రోజులు పెంచమంటున్నారు. మా మేనేజర్ రెండు వారాలే కనాకష్టంగా ఇచ్చాడు. అలాంటప్పుడు నేపాల్ వదిలేసి లద్దాఖ్‌లో మార్ఖా వ్యాలీ ట్రెక్, దాంతో కాంగ్ యాత్సే-2 పెట్టుకోవచ్చు కదా? 6,250 మీటర్లు, అలాంటి మంచుగోడ కూడా లేదు. బెంగళూరులో పొద్దున విమానం ఎక్కితే సాయంత్రానికి లేహ్‌లో ఉంటాం.

కొండదారి

అన్నా, ఆ సాయంత్రమే సమస్య. బెంగళూరు 900 మీటర్ల పైచిలుకు, లేహ్ 3,500. ఖుంబూలో నడిచి ఎక్కే ఎత్తును ఇక్కడ సీట్లో కూర్చుని ఒక్కరోజులో ఎక్కేస్తున్నారు. లేహ్‌లో కనీసం రెండు మూడు రోజులు కదలకుండా ఉండి, మార్ఖా లోయ నెమ్మదిగా నడిచి, ఒక అదనపు రోజు ఉంచుకుంటే మంచి కొండే. ఎనిమిది రోజుల్లో ముగించే ప్లాన్లు చూస్తున్నాను, వాటి జోలికి వెళ్లకండి. రెండు వారాలే ఉంటే శిఖరం తీసేసి బేస్ క్యాంప్ ట్రెక్ ఒక్కటే చేయండి. ఐదు వేల మీటర్ల పైన మీ ఒళ్లు ఎలా ఉంటుందో తెలుస్తుంది, శిఖరం మరో ఏడాదికి.

భువనగిరి బిడ్డ

వట్టి ట్రెక్ అని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2024 జూన్‌ల ఉత్తరాఖండ్‌ల సహస్రతాల్ దారిల మన కర్ణాటక నుంచి పోయిన ట్రెక్కర్లు 9 మంది మంచు తుఫానుల చిక్కి చనిపోయిన్రు. వాళ్లు ఏ శిఖరం ఎక్కలే. వాళ్లతోని గైడ్లు కూడా ఉన్నరు. ఆ ఇండ్లల్ల ఏం జరిగిందో ఈ ఊర్ల ఉన్న మనకు తెలవాలె. రోజులు ఉండాలన్న మాట కరెక్టే, కోర్సు మాట మీద నేను తగ్గను. గైడ్ వెనక్కి పోదామంటే ఎందుకంటుండో అర్థమయ్యేటంత తెలివి మనకు ఉండాలె గద. అది గోడ మీద రాదు, మంచు మీద నాలుగు వారాలు ఉంటేనే వస్తది.

రాయలసీమ రాయి

రోజుల విషయంలో కొండదారి గారితో నేనూ ఏకీభవిస్తాను, 15 రోజులది వద్దు. గైడ్ వెనక్కి పోదామంటే ఎందుకని అడగకుండా తిరగడమే, దానికి నాలుగు వారాలు అక్కర్లేదు.

కొండదారి

అలా తిరగాలంటే ఇక్కడే ఒప్పందం చేసుకోవాలి. రెండు పనులు చేయండి. ఎన్నింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలో గైడ్‌తో ముందురోజే మాట్లాడుకుని ముగ్గురూ ఒప్పుకోండి. రెండోది, టిప్పును శిఖరంతో ముడిపెట్టకండి. పైకి చేరితే ఇంత, చేరకపోతే ఇంత అన్నారంటే, మిమ్మల్ని వెనక్కి తిప్పడానికి ఆయన తన ఇంటి ఖర్చు వదులుకోవాలి. ఇచ్చేది ఎంతైనా, వెనక్కి తిప్పినా అంతే ఇస్తామని లుక్లాలోనే చెప్పేయండి. తాడు రాని ముగ్గురిని వెంటేసుకుని మంచుగోడ మీద నిలబడేది ఆయన. ఆయనకూ ఇంట్లో పిల్లలుంటారు.

బెళ్లందూరు బాటసారి

అందరికీ ధన్యవాదాలు. 15 రోజులది వద్దని చెప్పేశాం. 19 రోజుల ప్లాన్ పంపినవాళ్లను అదనపు రోజు ఎక్కడుందని అడిగితే అందులో లేదట, డబ్బు కడితే కలుపుతామన్నారు. కలపమన్నాను. మా ముగ్గురిలో ఒకతనికి అన్ని రోజులు సెలవు దొరకలేదు, అతను బేస్ క్యాంప్ చూసి వేరే గైడ్‌తో దిగిపోతాడు. మా బావమరిది ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఆదివారం నుంచి కంఠీరవ గోడ దగ్గర మొదలుపెడుతున్నాం. కొండదారి గారూ, అక్కడ సాధనకు మా సొంత జుమార్ కొనుక్కోవాలా, శిక్షకుల దగ్గరే ఇస్తారా? ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకు వేరేది తీసుకోవాలా?

కొండదారి

శిక్షకులవి వాడండి. కొనేదుంటే గ్లవ్స్ కొనుక్కోండి, పైన వేసుకునేవే ఇక్కడా వేసుకుని చేయండి. జుమార్లు కుడి, ఎడమ వేరువేరుగా దొరుకుతాయి, మీకు ఎడమచేతిదే కావాలని ఆపరేటర్‌కు ఇప్పుడే రాసి పంపండి. బేస్ క్యాంపులో అడిగితే దొరక్కపోవచ్చు.