ర్యామ్ స్లాట్‌లో చక్కగా కూర్చుంది, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు

మౌలాలి ఎడిటర్:
పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. 2021 చివర్లో నేనే బిగించుకున్న సిస్టమ్: రైజెన్ 5 5600జీ, బీ450 మదర్‌బోర్డు, నాలుగు ర్యామ్ స్లాట్లు, 8 జీబీ స్టిక్కులు రెండు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఈమధ్య 4కే ఫుటేజీ వేస్తే జీలకర్ర బెల్లం దగ్గరే నత్తనడక మొదలు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 94 శాతం.

మొన్న శనివారం పని మీద సికింద్రాబాద్ వెళ్లి, కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో ఒక షాపు నుంచి సెకండ్ హ్యాండ్ 16 జీబీ డీడీఆర్4 తరం ర్యామ్ స్టిక్కులు రెండు తెచ్చాను. కొత్తవాటి ధరలో సగం కూడా లేదు. అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు. ఇంటికొచ్చి పాతవి తీసి ఇవి పెట్టాను. క్లిప్పులు టక్కున పడ్డాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ నల్లగానే ఉంది, బోర్డు మీద ర్యామ్‌లో తేడా ఉంటే వెలిగే డీర్యామ్ లైటు ఆరట్లేదు. ఎరేజర్‌తో కాంటాక్టులు రుద్దాను, ఒక్కో స్టిక్కునూ నాలుగు స్లాట్లలోనూ మార్చి చూశాను, బోర్డు బ్యాటరీ కూడా తీసి పెట్టాను. పాతవి పెడితే మామూలుగా ఆన్ అవుతోంది. గురువారానికి ఉప్పల్ వాళ్ల పెళ్లి వీడియో ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. స్టిక్కులు పోయినట్టా?

స్క్రూడ్రైవర్ మామ:
పోయి ఉండకపోవచ్చు. స్టిక్కు మీద తెల్ల స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఉన్నది ఉన్నట్టు ఇక్కడ టైప్ చెయ్యి. మధ్యలో మిగతావాటికన్నా చిన్న చిప్పు ఒకటి వేరేగా ఉందా?

మౌలాలి ఎడిటర్:
ఉందన్నా. స్టిక్కర్ మీద 16జీబీ 2ఆర్‌ఎక్స్4 పీసీ4-2400టీ-ఆర్‌బీ1-11 అని ఉంది.

స్క్రూడ్రైవర్ మామ:
దొరికింది. 2400టీ తర్వాత గీత పక్కన ఉన్న ఆ ‘ఆర్’ చూడు. అది రిజిస్టర్డ్, అంటే సర్వర్ ర్యామ్. మన డెస్క్‌టాప్‌కి అక్కడ ‘యూ’ ఉండాలి. ల్యాప్‌టాప్‌వైతే ‘ఎస్’ ఉంటుంది, అవి పొట్టిగా ఉంటాయి కాబట్టి ఎలాగూ పట్టవు. ఎక్స్4 (ఒక్కో చిప్పు ఒకేసారి పంపే బిట్లు నాలుగు) అన్నా సర్వర్ సరుకే. మనవాటికి ఎక్స్8, ఎక్స్16 ఉంటాయి.

మధ్యలో ఉన్న ఆ చిన్న చిప్పే రిజిస్టర్. ప్రాసెసర్ పంపే అడ్రసులు, ఆదేశాలు ముందు దాని దగ్గరికెళ్లి, అక్కడి నుంచి మెమరీ చిప్పులకి అందుతాయి. ఒక్కో సర్వర్‌లో స్టిక్కులు బోలెడు ఉంటాయి కాబట్టి ఆ ఏర్పాటు. నీ 5600జీకి అలా మధ్యవర్తితో మాట్లాడటం రాదు. డీడీఆర్4లో రెండు రకాలకీ స్టిక్కు కింది అంచున గాటు ఒకే చోట ఉంటుంది, అందుకే స్లాట్‌లో పట్టేసింది. తిరిగిచ్చెయ్.

గేమర్ బాబు:
ఎలాగూ మారుస్తున్నావు కదా బ్రో, డీడీఆర్5 కొనెయ్.

స్క్రూడ్రైవర్ మామ:
తమ్ముడూ, బీ450 అంటే ఏఎం4 సాకెట్, ప్రాసెసర్ కూర్చునే చోటు. అందులో డీడీఆర్4 ఒక్కటే. పిన్నులు రెండింటికీ 288 ఉన్నా గాటు చోటు మారింది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. వోల్టేజీ కూడా 1.2 నుంచి 1.1కి దిగింది. డీడీఆర్5 కావాలంటే బోర్డు, ప్రాసెసర్ కూడా మార్చాలి.

తార్నాక అక్క:
ఎడిటర్ గారూ, గ్రాఫిక్స్ కార్డు లేదన్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి: 5600జీ తన గ్రాఫిక్స్‌కి కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. 32 జీబీ ఒకే స్టిక్కు చవగ్గా దొరికినా వద్దు, 16 రెండు తీసుకోండి, డ్యూయల్ ఛానల్ వస్తుంది, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా వెళ్తుంది. 3200 స్పీడు, సీఎల్16 (డేటా అడిగాక ఇచ్చేదాకా పట్టే ఆలస్యం లెక్క) చాలు. అంతకంటే ఎక్కువ స్పీడుకి డబ్బులు పోయకండి, ఆ డబ్బుతో ఇంకో ఎస్‌ఎస్‌డీ వస్తుంది. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. కొనేముందు బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి మెమరీ లిస్టు చూడండి. అందులో లేనిది పనిచేయదని కాదు, ఉన్నదైతే నిశ్చింత.

మౌలాలి ఎడిటర్:
ఈరోజు పొద్దున్నే వెళ్లాను. షాపతను “స్లాట్‌లో పట్టింది కదా భాయ్, ఇంకేంటి?” అన్నాడు. స్టిక్కర్ మీద ‘ఆర్’ చూపించాను. కాసేపు చూసి, లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చి, మూడొందలు కోసుకుని మిగతాది ఇచ్చాడు. వేరే షాపులో కొత్తవి 16 రెండు తీసుకున్నా, 3200 సీఎల్16. మొదటిసారికే డిస్‌ప్లే వచ్చింది. కానీ టాస్క్ మేనేజర్‌లో స్పీడు 2400 చూపిస్తోంది. మళ్లీ మోసపోయానా?

తార్నాక అక్క:
లేదండీ. బయోస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, స్టిక్కును దాని మీద రాసిన స్పీడులో నడిపించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. అది పెట్టేదాకా చాలా స్టిక్కులు తక్కువ స్పీడులోనే నడుస్తాయి.

మౌలాలి ఎడిటర్:
3200 వచ్చిందక్కా! ఖాళీగా ఉన్న రెండు స్లాట్లలో పాత 8 జీబీలు కూడా పెట్టేస్తే 48 అవుతుంది కదా?

స్క్రూడ్రైవర్ మామ:
అవ్వచ్చు. నాలుగూ కలిస్తే స్పీడు తగ్గించాల్సి రావచ్చు, మధ్యలో హ్యాంగ్ కూడా కావచ్చు. ముందు ఉప్పల్ వాళ్ల వీడియో ఇచ్చెయ్, ప్రయోగాలు శుక్రవారం చేద్దువు గాని.