1.9 ఆంగ్‌స్ట్రామా, 2.6 ఆంగ్‌స్ట్రామా: డాకింగ్‌కు ఏ స్ట్రక్చర్ తీసుకోవాలి?

హంద్రీ (కర్నూలు)
డాకింగ్ (చిన్న అణువు ప్రోటీన్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం) చేయాలి. ఒకే ఎంజైముకు పీడీబీలో (ప్రోటీన్ స్ట్రక్చర్ల ఆన్‌లైన్ భాండారం) రెండు ఎక్స్-రే క్రిస్టల్ స్ట్రక్చర్లున్నాయి. ఒకటి రిజల్యూషన్ 1.9 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు), రెండోది 2.6. రెండింట్లోనూ అదే లిగాండ్ (ప్రోటీన్‌కు అంటుకున్న చిన్న అణువు). అంకె చిన్నదైతే వివరం ఎక్కువ కాబట్టి 1.9నే తీసుకోవాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

చిత్రావతి (అనంతపురం)
నా ఓటు కూడా 1.9కే తమ్ముడూ. క్రిస్టల్‌ను తాకి చెదిరిన ఎక్స్-కిరణాల చుక్కలను ఎంత పెద్ద కోణం దాకా కొలవగలిగారన్నదే రిజల్యూషన్. కొలిచే చుక్కల సంఖ్య ఆ అంకె ఘనానికి విలోమంగా ఉంటుంది. 2.6 నుంచి 1.9కి వస్తే చుక్కలు రెండున్నర రెట్లు. ఒక్కో పరమాణువుకు మూడు స్థానాలు, ఒక బీ-ఫ్యాక్టర్ (ఆ పరమాణువు ఎంత ఊగుతోందో చెప్పే అంకె), మొత్తం నాలుగు విలువలు తేల్చాలి. చుక్కలు చాలకపోతే తెలిసిన బంధదూరాలూ కోణాలూ అరువు తెచ్చుకుని నింపడమే.

3 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర ప్రోటీన్ వెన్నెముక గొలుసు, లావుపాటి సైడ్ చైన్లు (గొలుసు నుంచి పక్కకు వచ్చే కొమ్మలు) కనిపిస్తాయి. 2.5కి కార్బొనిల్ ఆక్సిజన్ ఉబ్బు తెలుస్తుంది. 2కి నీటి అణువులు నమ్మకంగా పెట్టొచ్చు. 1.5కి ఫినైల్ అలనిన్ (ఒక అమైనో ఆమ్లం) రింగు మధ్యలో బొక్క పడుతుంది. పరమాణువులు విడివిడిగా కావాలంటే 1.2, హైడ్రోజన్లు కావాలంటే 1 లోపు రావాలి. కెండ్రూ బృందం 1958లో 6 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర చూసిన మయోగ్లోబిన్‌లో కనిపించినవి కడ్డీల్లాంటి హెలిక్సులే (మెలితిరిగిన గొలుసు ముక్కలే). తిమ్మమ్మ మర్రిమాను కొండ మీంచి చూస్తే ఒకటే పచ్చని గొడుగు, ఊడలు లెక్కపెట్టాలంటే కిందికి దిగాల్సిందే.

బుగ్గవంక (కడప)
లెక్క సరిగ్గా ఉందమ్మా, కానీ ఆ అంకె క్రిస్టల్ మొత్తానిది. హంద్రీకి కావాల్సింది పాకెట్‌లోని (లిగాండ్ కూర్చునే గుంతలోని) ఇరవై ముప్పై పరమాణువులు. అక్కడ లిగాండ్ ఊగుతూ ఉంటే, లేదా సగం అణువుల్లోనే కూర్చుని ఉంటే, 1.9 కూడా దాన్ని కాపాడదు.

చూడాల్సింది ఇదప్పా. కూట్‌లో (మ్యాప్‌నూ మోడల్‌నూ చూసే సాఫ్ట్‌వేర్) రెండూ తెరువు. 2ఎఫ్‌ఓ-ఎఫ్‌సీ మ్యాప్ (ఎలక్ట్రాన్లు ఎక్కడెంత దట్టంగా ఉన్నాయో చూపేది) 1 సిగ్మా, ఎఫ్‌ఓ-ఎఫ్‌సీ (డేటాకూ మోడల్‌కూ తేడా చూపేది) 3 సిగ్మా దగ్గర పెట్టు. ఇక్కడ సిగ్మా అంటే మ్యాప్ హెచ్చుతగ్గుల కొలత. లిగాండ్‌ను తీసేసి, మళ్లీ రిఫైన్ చేసి (మోడల్‌ను డేటాకు సరిపోయేలా సర్ది) వచ్చే ఓమిట్ మ్యాప్ చూడు. లిగాండ్ ఉండగా వచ్చిన మ్యాప్ లిగాండ్ వైపే మొగ్గుతుంది, అది సాక్ష్యం కాదు. తర్వాత బీ-ఫ్యాక్టర్. చుట్టూ ఉన్న సైడ్ చైన్లకు 20, లిగాండ్‌కు 80 ఉంటే సైడ్ చైన్లు సగటున అర ఆంగ్‌స్ట్రామ్ కదులుతున్నట్టు, లిగాండ్ ఒక ఆంగ్‌స్ట్రామ్. ఆక్యుపెన్సీ (ఎన్నో వంతు అణువుల్లో లిగాండ్ ఉందన్నది) 1 అని రాసేసి వదిలితే, ఆ తప్పునంతా బీ-ఫ్యాక్టర్ మింగుతుంది. పీడీబీ వాలిడేషన్ రిపోర్టులో రియల్ స్పేస్ కోరిలేషన్ (మోడల్ మ్యాప్‌కు ఎంత సరిపోయిందో చెప్పేది) 0.9 పైన ఉంటే ధైర్యం, 0.8 కిందికి జారితే అనుమానించు.

ఇంకోటి. 2012లో కార్‌ప్లస్, డీడరిక్స్ సీసీ-హాఫ్ (డేటాను రెండు సగాలు చేసి పోల్చే కొలత) ప్రతిపాదించాక బయటి షెల్ (అన్నిటికన్నా పెద్ద కోణాల చుక్కలు) బలహీన డేటాను కూడా ఉంచుతున్నారు. అంతకుముందు చుక్క తీవ్రతకూ, దాన్ని కొలవడంలోని దోషానికీ (దీన్నీ సిగ్మా అనే అంటారు) నిష్పత్తి 2 దగ్గర కత్తిరించేవాళ్లు ఎక్కువ. కాబట్టి పాత 2.6, కొత్త 2.4 ఒకే నాణ్యత కావచ్చు. బయటి షెల్ కంప్లీట్‌నెస్ (కొలవాల్సిన చుక్కల్లో ఎన్ని కొలిచారన్నది) చూడకుండా అంకెలు పోల్చొద్దు.

చిత్రావతి
ఓమిట్ మ్యాప్ మాట ఒప్పుకుంటా అన్నా. కానీ మ్యాప్ ఎంత నిండుగా ఉన్నా 2.6లో లేని వివరం రాదు. ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్ దూరంలో ఉన్న రెండు కార్బన్లు అక్కడ ఒకే ముద్ద. నీటి అణువు, సోడియం అయాను, మెగ్నీషియం అయాను మూడింటికీ పదేసి ఎలక్ట్రాన్లే. చుట్టూ ఉన్న ఆక్సిజన్ల దూరంతోనే గుర్తుపట్టాలి: మెగ్నీషియానికి 2.1, సోడియానికి 2.4, నీటికి 2.8. 2.6 స్ట్రక్చర్‌లో 2.1కీ 2.4కీ తేడా ఎట్లా నమ్మేది?

బుగ్గవంక
అది నిజమే. అయితే ఆస్పరజిన్ (ఇంకో అమైనో ఆమ్లం) కొసన నైట్రోజన్, ఆక్సిజన్ ఏదేదో 1.9లో కూడా తేలదు, ఒక్క ఎలక్ట్రానే తేడా. హైడ్రోజన్ బంధాలు చూసే తిప్పాలి.

హంద్రీ
ఓమిట్ మ్యాప్ చూశా. 1.9లో రింగు బాగానే ఉంది, తోక మాత్రం 1 సిగ్మా దగ్గరే తెగిపోయి గాల్లో వేలాడుతోంది. 2.6లో ముద్దలా ఉన్నా కొసదాకా తెగలేదు.

బుగ్గవంక
అయితే ప్రోటీన్ 1.9ది, లిగాండ్ భంగిమకు పోలిక 2.6ది. ముందు రెండింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి పాకెట్ సైడ్ చైన్లు పక్కకు జరిగాయేమో చూడు. జరిగి ఉంటే ఈ కలపడం చెల్లదు, 2.6నే తీసుకో.

చిత్రావతి
పాకెట్‌లోని నీళ్లన్నీ ఒకేసారి తుడిచేయొద్దు తమ్ముడూ. ప్రోటీన్‌నూ లిగాండ్‌నూ రెండింటినీ పట్టుకున్న నీటిని ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి డాక్ చెయ్యి.