ప్రభుత్వం చేయివేస్తే ఆరాధన ప్రదర్శనగా మారకుండా ఆపేదెలా?

మతపరమైన ఆచారాలను కాపాడే పని ప్రభుత్వం తలకెత్తుకుంటే ఏమవుతుందో చదువుతున్నాను. టర్కీలోని మెవ్లెవీ సూఫీల సెమా (గిరగిరా తిరుగుతూ చేసే ఆరాధన) సంగతి నన్ను బాగా కలవరపెట్టింది. 1925లో అక్కడి ప్రభుత్వమే వాళ్ల మఠాలు మూయించింది. 1950ల్లో మళ్లీ అనుమతిచ్చింది, కానీ జనం ముందు ప్రదర్శనగానే. 2008లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది సరే, పర్యాటకుల కోసం కుదించిన సెమాలే ఎక్కువయ్యాయి. దైవధ్యానంలో గిరగిరా తిరిగేవాళ్లకి టైము కొలిచి ఇస్తే ఇంకేం మిగులుతుంది?

ఇలాంటి ఆచారాలు, కళల్ని కాపాడేందుకు చేసుకున్న 2003 నాటి యునెస్కో ఒప్పందం, 15వ అధికరణంలో, ఆచారాన్ని పాటించేవాళ్లకి వీలైనంత భాగస్వామ్యం ఇవ్వమంటోంది. డబ్బు ప్రభుత్వానిది, నిర్ణయం భక్తులది అన్నట్టు నిజంగా నడిచిన ఉదాహరణలు మీకు తెలుసా? ముఖ్యంగా, బయటివాళ్లు చూడకూడని క్రతువుల్ని వీడియో తీయాల్సి వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లింది? ఈ రంగంలో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.